తలుపు సందులో పదకొండు కార్డులు

రెడ్ నోల్, యూటా
6 ఫిబ్రవరి 2011

గౌరవనీయులైన ఆర్వల్ బాబాయ్ గారికి,

నేను మీ అన్నగారు లవార్ కూతురు జనీల్‌ని. మీరు ఈ ఊరు విడిచి వెళ్ళేనాటికి నాకు పదకొండేళ్ళు, ఇప్పుడు ముప్ఫై అయిదు. ఫోను చేద్దామనుకున్నాను గానీ, ఓడల రేవులో ఇరవై రెండేళ్ళు ఇనుము మోత విని మీ చెవులు పోయాయని అమ్మ చెప్పింది. మీ చిరునామా కూడా ఆవిడే ఇచ్చింది. పిండి డబ్బా అడుగున దాచి ఉంచింది. నాన్నకు తెలియదు.

ప్రతి క్రిస్మస్‌కీ మా ఇంటికి పేరు లేకుండా వచ్చే చేపల డబ్బాలు మీరు పంపేవేనని కూడా అప్పుడే తెలిసింది. నాన్న వాటిని చాలా ఇష్టంగా తింటాడు. ఎవరు పంపారని ఒక్క ఏడాదీ అడగలేదు.

గాడిద మీకు గుర్తుందా? అదే, మట్టిరంగు పెట్టెలాంటి మన కొండబండి. ఇంకా నడుస్తోంది. దాన్ని మా జిల్లా సహాయక దళానికి ఇద్దామనుకుంటున్నాను. బడి బస్సు నడపడం నా ఉద్యోగం. మూడేళ్ళుగా సెలవు రోజుల్లో దళంలో పని చేస్తున్నాను. ఎడారిలో దారి తప్పినవాళ్ళనీ, లోయల్లో పడినవాళ్ళనీ తీసుకొస్తాం. కిందటి అక్టోబరులో పాటర్ లోయలో రాళ్ళు ఏరుకోడానికి వెళ్ళినాయన జారిపడి తొడ విరగ్గొట్టుకున్నాడు. నేను నీళ్ళు మోసుకుని నడిచి వెళ్ళాను. ఉత్తరం వైపు నుంచి ఆ దారిన రాగల బండి మాకు లేదు. దక్షిణం నుంచి చుట్టూ తిరిగి వచ్చేసరికి తొమ్మిది గంటలు పట్టింది. ఆ తొమ్మిది గంటలూ ఆయన నా చెయ్యి పట్టుకుని "బండొస్తోందా అమ్మా?" అని అడుగుతూనే ఉన్నాడు. నేను "అదిగో, వచ్చేస్తోంది" అని అబద్ధం చెబుతూనే ఉన్నాను. మళ్ళీ ఎవరికీ ఆ అబద్ధం చెప్పడం నా వల్ల కాదు.

మా దళం పెద్ద థర్లో గారు మొండిమనిషి. మే నెల మొదటి శనివారం పరీక్ష పెడతారు. ఊరి బయట 'అత్తగారు' అని ఒక రాయి ఉంది కదా, దాని మీదికి ఒక ముందు చక్రం ఎక్కించి, బండి మెలితిరిగి నిలబడ్డప్పుడు అన్ని తలుపులూ తెరిచి మూస్తారు. ఒక్క తలుపు మొరాయించినా బండి వద్దంటారు. లోపల పడుకోబెట్టిన మనిషిని బయటికి తియ్యలేని బండి శవపేటికతో సమానం అంటారు.

దీనికి విడిగా ఛాసిస్ లేదు. రేకు ఒళ్ళే ఎముకలు. ఇన్నేళ్ళ రాళ్ళదారికి పాత మంచంలా కిర్రుమంటోంది. అందుకని అడుగున రెండు వైపులా ఉన్న బోలు దూలాలకు పొడుగునా ఇనుప పలకలు వెల్డింగుతో అతికిద్దామని కిందికి దూరాను. తారు గీకితే ఎడమ దూలానికి ముందే ఒక పలక కనపడింది! ఎవరో ఎంతో ముచ్చటగా అతికారు. కుడివైపు ఏమీ లేదు. ఇంకో వింత, కుడివైపు తారు కాగితం మందాన ఉంటే, ఎడమవైపు ఆ పలక మీద మాత్రం వేలెడు మందం, పొరలు పొరలుగా.

అతుకు మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దాను. ఇందులో పెట్టి పంపుతున్నాను. నాన్నని అడిగితే "ఏమో, ఎవరేశారో! గుర్తులేదు" అని, గంట కిందటే మేత వేసిన కోళ్ళకు మళ్ళీ మేత వెయ్యడానికి వెళ్ళిపోయాడు.

ఆ పలక ఎవరిది? ఒక్క వైపే ఎందుకుంది? పనిలో పని, ఇంకొకటి. ఆ ఎడమ ముందు తలుపు నాకు గుర్తున్నప్పటి నుంచీ కాస్త పైకెత్తి విసిరితే గానీ పడదు. నాన్నకు అది ఎంత అలవాటంటే ఫ్రిజ్ తలుపునీ, చర్చి తలుపునీ కూడా ఎత్తి వేస్తాడు. ఎందుకలా?

మీ
జనీల్


ఆస్టోరియా, ఓరెగాన్
15 ఫిబ్రవరి 2011

అమ్మాయ్ జనీల్,

'గౌరవనీయులైన' అని చూసి పన్నుల ఆఫీసు వాళ్ళేమో అనుకుని రెండు రోజులు నీ ఉత్తరం విప్పలేదు. నేను బాబాయ్‌ని. మీరూ గారూ తీసి చెత్తబుట్టలో వెయ్యి.

ఆ అతుకు నాదే. ప్రతి అతుకు చివరా చిన్న కొక్కెంలా వెనక్కి తిరిగి ఉంది చూడు. చివర్న గుంట పడి అక్కడి నుంచి చీలిక రాకుండా అలా అర అంగుళం వెనక్కి వచ్చి ఆపడం మా నాన్న నేర్పాడు. ఎవడి చేతిరాత వాడిది, ఎవడి అతుకు వాడిది. నువ్వు పంపిన కాగితం వంటింట్లో గోడకు అంటించుకున్నాను.

ఒక్క వైపే ఎందుకంటే, ఇనుము అయిపోయింది. అంతే.

కుడివైపు పని మొదలుపెట్టే ముందు దూలం పొడుగునా చిన్న సుత్తితో కొట్టి చూడు. గంటలా మోగితే మంచి రేకు. మొద్దుగా పలికితే లోపల తుప్పో, బురదో. నాకిప్పుడు చెవులు లేకపోయినా చెయ్యి ఆనిస్తే తెలుస్తుంది, నువ్వూ చెయ్యి ఆనించి చూడు. తారూ రంగూ పోయి మెరిసే దాకా గ్రైండర్ పట్టు. బ్యాటరీ తీగలు పీకెయ్. లోపలి తివాసీ మొత్తం ఎత్తెయ్, లేకపోతే నువ్వు కింద అతుకుతుంటే పైన భోగిమంట వేసుకున్నట్టే.

ఇక ఆ తలుపు సంగతి. ఎందుకని అడక్కు, ముందు కొలిచి చెప్పు. ఇందులో పదిహేను పోస్టుకార్డులు పెట్టాను, మా ఊరి వంతెన బొమ్మవి. అన్నీ ఒకే మందం, నా దగ్గరా అవే ఉన్నాయి. తలుపు మూసి, వెనకంచు దగ్గర సందులో పైన ఎన్ని కార్డులు పడతాయో, కింద ఎన్ని పడతాయో రాయి. బలవంతంగా దూర్చకు. కార్డు దానంతటది నిలబడాలి.

మీ నాన్న ఆరోగ్యం ఎలా ఉంది? ఊరికే అడుగుతున్నాను.

ఆర్వల్ బాబాయ్


రెడ్ నోల్
3 మార్చి

బాబాయ్,

సరే, నువ్వన్నట్టే గారూ మీరూ చెత్తబుట్టలో వేశాను. అందులోనే నీ అబద్ధం కూడా వేశాను. చెబుతాను విను.

ముందు కొలతలు. పైన పదకొండు కార్డులు, కింద మూడు. కుడి తలుపుకి పైనా కిందా ఏడేసి. అది చూసినప్పటి నుంచీ నాకు నిద్ర పట్టడం లేదు. ఒకే బండికి రెండు తలుపులూ ఇంత వేరుగా ఎందుకున్నాయి? గుద్దుకున్న గుర్తేమీ లేదు. రంగు కూడా మొదటిదే.

సుత్తితో కొట్టి చూశాను. కుడి దూలం గంటలా మోగింది. మా అమ్మ వంటింట్లోంచి "చర్చికి టైమయిందా?" అని అరిచింది.

ఇక నీ అబద్ధం. బండిని ఎత్తి నిలబెట్టే స్టాండ్లు వెతుకుతూ కొట్టం అటక ఎక్కాను. దూలాల మధ్య నూనెగుడ్డలో చుట్టి పెద్ద మూట ఉంది. విప్పితే ఇనుప పలక. ఎడమదానికి అచ్చం అద్దంలో బొమ్మ. బెజ్జాలు కొట్టి ఉన్నాయి. చివరలు చేప తోకలా కోసి ఉన్నాయి. తెల్ల రంగుతో 'కుడి' అని రాసి ఉంది, కింద చిన్న కొక్కెం గీత. ఇనుము అయిపోలేదు బాబాయ్. కోసి, బెజ్జాలు కొట్టి, పేరు రాసిన పలకని అతకకుండా వదిలేసి వెళ్ళావు. ఎందుకు?

దాన్ని కిందికి దించుతుంటే నాన్న వచ్చాడు. నూనెగుడ్డ అంచు పట్టుకుని "ఈ గుడ్డ ఆరిపోయింది. మార్చాల" అన్నాడు. అంటే ఆయన దాన్ని అప్పుడప్పుడూ విప్పి నూనె రాస్తున్నాడన్నమాట! "ఎవరిది నాన్నా?" అంటే "మళ్ళీ పైన పెట్టెయ్యి" అన్నాడు. నేను పెట్టలేదు. కోళ్ళ దగ్గరికి పోయాడు. ఆరోగ్యం ఎలా ఉందని అడిగావు. మోకాళ్ళు తప్ప అన్నీ బాగానే ఉన్నాయి. మొండితనం మరీ దివ్యంగా ఉంది.

ఈ నెల పంతొమ్మిదో తేదీ శనివారం కుడి పలక అతికేస్తాను. బండిని నడుం దగ్గర నాలుగు స్టాండ్ల మీద నిలబెట్టి, చక్రాలు నాలుగూ తీసేశాను. కింద బోలెడంత చోటు వచ్చింది, కూర్చుని పని చెయ్యొచ్చు. బొమ్మ గీశాను చూడు. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

జనీల్


ఆస్టోరియా
9 మార్చి, తొందర టపా

జనీల్,

ఆపు. గ్రైండర్ కూడా ముట్టుకోకు. ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు వెళ్ళి ఆ నాలుగు చక్రాలూ బిగించి బండిని నేల మీదికి దించు. తర్వాత మిగతాది చదువు.

దించావా?

నీ బొమ్మ చూసి నా గుండె ఆగినంత పనయింది. ఇరవై నాలుగేళ్ళ కిందట అదే కొట్టంలో, అదే చోట, అలాగే స్టాండ్ల మీద ఉన్న అదే బండికి నేను ఆ ఎడమ పలక అతికాను. నీ తలుపు కథ అదే.

ఛాసిస్ లేని బండి ఒళ్ళు మెత్తన. చక్రాలు తీసి నడుం దగ్గర ఆనిస్తే ముందూ వెనకా కిందికి వాలతాయి. కంటికి కనపడదు. నాలుగు కార్డుల మందమంతే. కానీ ఆ వాలులో ఉండగా పలక అతికావంటే వాలు అలాగే గడ్డకట్టుకుపోతుంది. తలుపు సందు పైన విచ్చుకుంటుంది, కింద మూసుకుంటుంది. పైన పదకొండు, కింద మూడు. మా నాన్న మాకు నేర్పిన మొదటి మాట, అక్షరాల కన్నా ముందు నేర్పిన మాట, "బండి తన కాళ్ళ మీద తను నిలబడ్డాకే దాన్ని ముట్టుకోండ్రా" అని. నాకు తెలుసు. తెలిసే చేశాను.

అది శనివారం. సోమవారం పొద్దున నేను ఇక్కడ ఓడల రేవులో చేరాలి. ఆ సాయంత్రం బస్సు. వెళ్ళేలోగా పలకలు రెండూ వేసి ఇస్తానని మీ నాన్నకు మాటిచ్చాను. చక్రాలకు కొత్త టైర్లు వేయించుకొస్తానని పొద్దున ఏడింటికే వాటిని తీసుకుని ప్రైస్ పట్నం వెళ్ళాడు. పన్నెండుకల్లా వస్తానన్నాడు. పన్నెండయింది. ఒంటిగంటయింది. మూడయింది. నేను కొట్టంలో పలకలు పక్కన పెట్టుకుని పెళ్ళికొడుకు రాని పెళ్ళిలో పురోహితుడిలా కూర్చున్నాను. మూడున్నరకు ఒళ్ళు మండిపోయింది. ఇచ్చిన మాట తప్పడమా, నాన్న మాట తప్పడమా అని ఆలోచించి, నాన్న మాట తప్పాను.

మీ నాన్న అయిదింటికి వచ్చాడు. చక్రాలు బిగించి దించాం. తలుపు పడలేదు. చర్చి వాళ్ళు నలుగురు నాకు వీడ్కోలు చెప్పడానికి వచ్చి నిలబడి ఉన్నారు. వాళ్ళందరి ముందూ ఆ తలుపు ఎత్తి విసిరి, "నీకు పనే రాదురా" అన్నాడు. నేను చెయ్యి తొడుగులు తీసి నేల మీద పారేసి బస్సు ఎక్కాను. కుడి పలక అక్కడే ఉండిపోయింది.

ఇనుము అయిపోయిందని నీకు రాసినందుకు సిగ్గుగా ఉంది. ముసలితనంలో కూడా ఈ ఒక్క తప్పు ఒప్పుకోవడం కష్టంగానే ఉంది.

నువ్వు నాలా చెయ్యకు. చక్రాలు బిగించానని ఒక్క ముక్క రాయి.

బాబాయ్


రెడ్ నోల్
20 మార్చి

బాబాయ్,

చక్రాలు బిగించాను. నీ ఉత్తరం గురువారం వచ్చింది. రెండు రోజులు ఆలస్యమయితే గాడిదకు రెండు తలుపులూ పోయేవి.

కానీ ఇప్పుడేం చెయ్యాలి? వంకర తిరిగిన ఒంటికి కుడివైపు కూడా పలక వేస్తే ఆ వంకర శాశ్వతం. బండిని ఉన్నదున్నట్టే అత్తగారి మీద ఎక్కించి చూశాను. ఎడమ తలుపు ఎత్తినా పడలేదు, తన్నినా పడలేదు. అంటే నీ ఎడమ పలక కోసి తియ్యాల్సిందే. ఆ మాట నాన్నతో అన్నాను. "అది వాడి చేతి పని. కొయ్యొద్దు" అన్నాడు. అంతవరకూ 'వాడు' అన్న మాట ఆయన నోట నేను వినలేదు.

"బాబాయికి పని రాదన్నావట కదా?" అని అడిగేశాను. ఆపుకోలేకపోయాను.

"వాడి కన్నా బాగా అతికేవాడు ఈ జిల్లాలో లేడు" అన్నాడు.

తారు పొరల సంగతి అప్పుడు బయటపడింది. ఏటా చలికాలం ముందు నాన్న బండి కిందికి దూరి నీ అతుకు మీద కొత్తగా తారు పూస్తాడట, తుప్పు పట్టకూడదని. మోకాళ్ళు అరిగాక కూడా. ఇరవై నాలుగు పొరలు. నేను అవి గీకి పారేశాను.

మరయితే నువ్వెప్పుడైనా అడిగావా? పన్నెండుకల్లా వస్తానన్న మనిషి అయిదు దాకా ఎక్కడున్నాడు? ప్రైస్ వెళ్ళి రావడానికి, టైర్లు మార్చడానికి ఎంత మెల్లగా చేసినా అయిదు గంటలు చాలు. మిగతా అయిదు గంటలు ఏమయ్యాయి? నేను ఆయన్ని అడిగాను. కోళ్ళ దగ్గరికి పోయాడు. ఈ నెలలో మా కోళ్ళు బాగా బలిశాయి.

జనీల్


ఆస్టోరియా
29 మార్చి

తల్లీ,

'ఇరవై నాలుగు పొరలు' అన్న చోట నీ ఉత్తరం పక్కన పెట్టేసి చాలాసేపు వాన చూస్తూ కూర్చున్నాను. ఇక్కడ వానకేం కొదవ లేదు. ఏడ్చాను. చెబితే తప్పేముంది.

ఎందుకు ఆలస్యమయ్యాడో నేను అడగలేదు. టైర్ల కొట్టు దగ్గర కబుర్లలో పడ్డాడనుకున్నాను. నువ్వు గంటలు లెక్క కట్టాక నాకూ తోచడం లేదు. కబుర్లకైనా అయిదు గంటలు ఎక్కువే. మీ నాన్నకు రోజు మొత్తానికి కలిపి అయిదు మాటలే ఉంటాయి.

పలక కొయ్యాలి. అది నా చేతి పని కాబట్టి నేను చెబుతున్నాను, కొయ్యమని. కానీ బండి మీ నాన్నది, ఆయన వద్దంటే వద్దు. ఒళ్ళు తిరిగి సరవుతుందని నేను ప్రమాణం చెయ్యలేను. ఇన్నేళ్ళు ఒకే వంపులో ఉన్న రేకు ఆ వంపునే తన ఆకారం అనుకుంటుంది. పదికి మూడు వంతులు ఆశ పెట్టుకో. సరికాకపోతే ఆ బండి ఇనప సామాన్ల కొట్టుకే. మీ దళానికీ లేదు, మీ నాన్నకీ ఉండదు. ఆ సంగతి ఆయనకు దాచకుండా చెప్పు.

ఒప్పుకుంటే ఇలా చెయ్యి. బండి చదునైన నేల మీద, చక్రాల మీద, టైర్లలో గాలి సమానంగా. మధ్య నుంచి మొదలుపెట్టి అంచులకు ఒక్కో అతుకూ కోస్తూ వెళ్ళు. రేకు దాకా కొయ్యకు, అతుకు వరకే. తర్వాత కార్డులు పెట్టి చూడు. సరయితే రెండు పలకలూ మళ్ళీ పెట్టు. అంగుళం అతుకు, అక్కడ ఆపి మూరెడు దూరం పోయి ఇంకో అంగుళం, తర్వాత రెండో వైపుకి. అతికిన చోట అరచెయ్యి ఆనించగలిగితేనే మళ్ళీ అక్కడికి రా. మంట పలక మీదే పెట్టు, రేకు మీదికి అదే జారుతుంది. తిరగేసి చేశావో, రేకు జల్లెడ.

అన్నిటికంటే ముఖ్యం, పైన బండి లోపల ఒక మనిషి కూర్చోవాలి. బూట్లు విప్పి, నీళ్ళ డబ్బా పట్టుకుని. నేల కాలితే పాదానికే ముందు తెలుస్తుంది. ముసుగు వేసుకున్నాక నీకు వెలుగు తప్ప ఏమీ కనపడదు, నీ ప్రాణం ఆ పైవాడి చేతిలో ఉంటుంది. ఎవరో ఒకర్ని కూర్చోబెట్టకు. నాకెప్పుడూ మీ నాన్నే కూర్చునేవాడు. ఆ శనివారం ఎవరూ లేరు.

బాబాయ్


రెడ్ నోల్
17 ఏప్రిల్

బాబాయ్,

నిన్న కోశాను.

నీ ఉత్తరం నాన్నకే ఇచ్చేశాను. నేను చెబితే కోళ్ళ దగ్గరికి పోతాడు, చదువుతుంటే పోలేడు కదా! వంటింటి బల్ల దగ్గర కూర్చుని రెండుసార్లు చదివాడు. అమ్మ అటు తిరిగి గిన్నెలు కడుగుతూ ఉంది, కడిగినవే మళ్ళీ కడుగుతోంది. అరగంట తర్వాత నాన్న లేచి, "నీళ్ళ డబ్బా ఎక్కడుందే?" అన్నాడు.

కొట్టంలో బండి ఎక్కి బూట్లు విప్పాడు. మేజోళ్ళు కూడా. ఆయన పాదాలు తెల్లగా, ముడతలు పడి, నీళ్ళలో నానిన చిన్నపిల్లాడి పాదాల్లా ఉన్నాయి. నేను కిందికి దూరాను. మొదటి అతుకు కోస్తుంటే పైనుంచి మడమతో రెండుసార్లు తట్టాడు. ఆగాను. "వేడి గాదు. బాగానే ఉందని చెప్తన్నా. అట్టా తడితే కానియ్యమని" అన్నాడు. అది మీ ఇద్దరి పాత సంకేతమట కదా.

సగం కోశాక, రేకు అవతల నుంచి ఆయన మాట్లాడడం మొదలుపెట్టాడు. నేను ముసుగులో ఉన్నాను, మొహాలు కనపడవు, అందుకే వచ్చి ఉంటుంది మాట. ఆ అయిదు గంటలు ఎక్కడున్నాడో చెప్పాడు. నేను పని ఆపేసి, ముసుగు కింద కళ్ళు తుడుచుకోడానికి కూడా వీల్లేక అలాగే పడుకుని విన్నాను. నాకు తెలుసు, ఇది చదువుతూ నువ్వు కుర్చీలోంచి లేచి ఉంటావు. కానీ నేను రాయను బాబాయ్. ఆ మాట రాయాల్సింది ఆయన. రాస్తానని ఇప్పటికి మూడు కాగితాలు చించాడు.

చివరి అతుకు కొయ్యగానే 'ఠంగ్'మని ఎంత మోత వచ్చిందంటే, కోళ్ళన్నీ కంచె దాటాయి. పలక ఊడి నా పక్కన పడింది. నాన్న పైనుంచి "ఏందే? బతికున్నావా?" అని అరిచాడు. ఇద్దరం బయటికి వచ్చి చాలాసేపు ఆ తలుపు దగ్గరికి వెళ్ళలేదు. నువ్వు ముందంటే నువ్వు ముందని నిలబడ్డాం. చివరికి నేను కార్డులు పట్టుకుని వెళ్ళాను.

పైన ఎనిమిది. కింద ఆరు.

ఏడూ ఏడూ కాదు. ఆ ఒక్క కార్డూ తిరిగి రాలేదు, ఇంక రాదేమో. కానీ రెండు వేళ్ళతో నెట్టాను, తలుపు 'టిక్' అని పడింది. నాన్న నన్ను పక్కకు జరిపి తనూ వెయ్యబోయాడు. అలవాటు కొద్దీ ఎత్తి విసిరాడు. ఎత్తేసరికి గొళ్ళెం తగిలి తలుపు తిరిగొచ్చి ఆయన మోచేతికి కొట్టింది. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ కొట్టింది. "ఎత్తకు నాన్నా, ఊరికే నెట్టు" అంటే, నా వైపు ఎంత అయోమయంగా చూశాడో. ఇంకా నేర్చుకుంటున్నాడు.

ఇక రెండు పలకలూ అతకాలి. అంగుళం అంగుళమే. కాపలా ఆయనే.

జనీల్


రెడ్ నోల్
8 మే

ఒరేయ్ ఆర్వల్,

మన జనీల్ పాప నన్ను కూర్చోబెట్టి కాగితం ఇచ్చి తలుపు గడియ పెట్టింది. రాసేదాకా అన్నం పెట్టరట.

ముందు బండి సంగతి. నిన్న అత్తగారి మీద ఎక్కించారు. ముందు కుడి చక్రం రాయి మీద, వెనక కుడిది గాల్లో. థర్లో నాలుగు తలుపులూ, వెనక తలుపూ మూడుమూడు సార్లు వేశాడు. అన్నీ పడ్డాయి. పాప పాటర్ లోయకి ఉత్తరం దారిన గంటా నలభై నిమిషాల్లో చేరింది. బండి పేరు దళం పుస్తకంలో రాసుకున్నారు. 'గాడిద' అనే రాశారు. పాప అతుకులు నీవాటిలాగే ఉన్నాయి. చివర కొక్కెం కూడా వేస్తోంది.

ఇక రెండోది.

ఆ రోజు టైర్లు పదింటికే అయిపోయాయి. పదకొండున్నరకు నది దాకా వచ్చేశాను. అక్కడ చెట్ల కింద ట్రక్కు ఆపేశాను. నీ వదిన కట్టిచ్చిన రొట్టెలు తిన్నాను. నీకని కట్టినవి కూడా తిన్నాను. నాలుగున్నర దాకా అక్కడే కూర్చున్నాను. నాలుగు చక్రాలూ వెనక ఉన్నాయి. మాటిచ్చిన పని అవకుండా నువ్వు ఊరు కదలవని తెలుసు. చక్రాలు లేకుండా నువ్వు పని మొదలుపెట్టవనీ తెలుసు, నాన్న మనకు నేర్పిన మొదటి మాట కదా. బస్సు వెళ్ళిపోతుంది, సోమవారం నువ్వు చేరకపోతే వాళ్ళు ఇంకొకణ్ణి పెట్టుకుంటారు, నువ్వు ఇక్కడే ఉండిపోతావు. అదీ నా ఆలోచన. వెళ్ళొద్దురా అని నోటితో ఒక్క ముక్క అంటే సరిపోయేది. నోరు రాలేదు. చక్రాలు దాచాను.

నాన్న మాట నువ్వు తప్పుతావని నేను అనుకోలేదు. నాకిచ్చిన మాట కోసం తప్పావని పాప నీ తొందర ఉత్తరం కూడా చూపించేదాకా తెలియలేదు. ఆ తలుపు పడకపోయేసరికి తప్పు ఎవరిదో నాకు ఆ క్షణంలోనే తెలుసు. తెలిసే, నలుగురి ముందూ నీకు పని రాదన్నాను. ఇన్నేళ్ళూ ఆ తలుపు ఎత్తిన ప్రతిసారీ ఆ మాటే గుర్తొచ్చేది. రోజుకు పదిసార్లు.

తప్పు నాది. చెప్పాను.

నీ చెయ్యి తొడుగులు ఉన్నాయి. తోలు గట్టిపడింది, నూనె రాస్తున్నాను.

బండి కొట్టం ముందు నిలబడి ఉంది. నాలుగు చక్రాలూ దానికే ఉన్నాయి. ఏమీ దాచలేదు. రారా.

లవార్


(వంతెన బొమ్మ పోస్టుకార్డు)

ఆస్టోరియా
14 మే

అన్నయ్యా,

ఇరవై నాలుగో తేదీ మంగళవారం మధ్యాహ్నం బస్సుకి గ్రీన్ రివర్‌లో దిగుతాను. బండి తీసుకురా. తలుపు నేను వేస్తాను, నువ్వు ఎత్తి పాడుచేస్తావు. నాకు చెవులు వినపడవు, చెప్పాలనుకున్నది కాలితో తట్టు.

వారం రోజులుండి వస్తానని ఇక్కడ ఇంటావిడకు చెప్పాను. నేను ఇంట్లో అడుగుపెట్టగానే చక్రాలు దాచెయ్.

ఆర్వల్